తలకట్టు ఎవరిది?

కిందటి వారం లాల్‌సాహెబ్‌ని మనం ఎక్కడ వదిలిపెట్టామో ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. తిరువూరులో తన ఇంటి గుమ్మం ముందు, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తియ్యని తెల్లచొక్కా తొడుక్కుని, చేతిలో కుంచె పట్టుకుని, సందు మొదట్లో ఆగిన కారు వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. కారుకి అడ్డంగా పక్కింటి చిట్టెమ్మ గేదె పడుకుని ఉంది. కారు హారన్ కొడుతోంది. గేదె నెమరేస్తోంది.

కథని మధ్యలో అందుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. లాల్‌సాహెబ్ బోర్డులు రాసే పెయింటరు. గంపలగూడెం రోడ్డు మీద తిరిగే ఆటోల వెనక హెచ్చరికల దగ్గర్నుంచి వినగడప చర్చి గోడ మీద వాక్యం దాకా, ముప్పైఆరేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఆయన రాయని గోడ లేదు. ఫ్లెక్సులొచ్చి ఆయన కుంచెల్ని డబ్బాలో పెట్టించాయి. ఆ డబ్బా మళ్ళీ తెరిపించింది కూతురు షహనా. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు చెప్పుకుంటూనే, రెడ్డిగూడెం తోటల్లో కొట్టేసిన ముసలి మామిడిచెట్ల చెక్కని పలకలుగా కోయించింది. వాటి మీద తండ్రి చేత జనాల పేర్లు రాయించి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ పెట్టి ఇంటి ముందు తగిలించుకునే బోర్డులుగా అమ్మడం మొదలుపెట్టింది. పేజీ పేరు 'తలకట్టు'. తెలుగు అక్షరం నెత్తిన టిక్కు పెట్టినట్టు ఉంటుందే, అదన్నమాట.

మొదటి మూడు నెలలూ ఆ పేజీని చూసేవాళ్ళు నలభైమంది. అందులో ముప్పైఒక్కరు చుట్టాలు. ఆ తర్వాత ఒకరోజు ఎవరో కుర్రాడు వచ్చి, "ఇంగ్లీషులో రాయండి బాబాయ్, క్లాసుగా ఉంటుంది" అన్నాడు. "మీ అమ్మ నిన్ను ఇంగ్లీషులో పిలిచి అన్నం పెట్టిందా?" అని లాల్‌సాహెబ్ లేచాడు. షహనా దాన్ని ఫోనులో తీసి పేజీలో పెట్టింది. వారం తిరిగేసరికి పదకొండువేల మంది చేరారు. వాళ్ళందరికీ నచ్చింది ఒక్కటే. ఆ బోర్డుల మీద తలకట్టు. గాలికి లేచి నిలబడ్డట్టు, కొస సన్నగా, ఇంకెక్కడా చూడనట్టు ఉంటుంది. షహనా ఆ గీతనే పేజీకి గుర్తుగా పెట్టింది. బోర్డు చుట్టే ఖాకీ కాగితం మీద అదే ఎర్రటి ముద్ర.

పేరుతోపాటు పుల్లలు పెట్టేవాళ్ళూ వచ్చారు. 'ఇది చేతిరాత కాదు, కంప్యూటర్లో అక్షరం పెట్టి ప్రింటు కొట్టిస్తున్నారు' అని ఎవడో రాశాడు. వాడి కింద రెండొందల మంది 'అవునవును' అన్నారు. సరిగ్గా అప్పుడే విజయవాడలో చేతిపనుల దుకాణం నడిపే ఆరాధన ఫోను చేసింది. కొత్తగా ఇంకో దుకాణం తెరుస్తోందట. వంద బోర్డులు కావాలట. అయితే ముందు వచ్చి, ఒక బోర్డు మొదట్నుంచి చివరిదాకా అందరూ చూస్తుండగా లైవ్‌లో రాయించి చూపిస్తానంది.

ఆ ఆరాధనే ఇప్పుడు కారు దిగి, గేదె చుట్టూ తిరిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచి వస్తోంది.

"నమస్తే అంకుల్! అబ్బ, ఎంత బాగుందో ఈ నీలం గోడ. బ్యాక్‌గ్రౌండ్‌కి ఇదే పెడదాం."

"అది సున్నంలో నీలిమందు ఎక్కువై అలా అయిందమ్మా," అన్నాడు లాల్‌సాహెబ్. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

షహనా బియ్యం డ్రమ్ము బోర్లించి దాని మీద ఫోను స్టాండు పెట్టింది. నీలం గోడ ముందు పీట వేసింది. వంటింటి కిటికీలోంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన వస్తోంది. అతిథి వస్తోందని లాల్‌సాహెబ్ భార్య అమీనాబీ పొద్దున్నుంచీ బిర్యానీ పనిలో ఉంది.

"బాబా, కళ్ళజోడు పెట్టుకో," అంది షహనా మెల్లిగా.

"అక్కర్లేదు. చేతికి తెలుసు. కంటితో పనేంటి?"

డాక్టరు ఆ కళ్ళజోడు ఇచ్చి రెండేళ్ళయింది. లాల్‌సాహెబ్ దాన్ని గాలికి ఎగిరిపోయే కాగితాల మీద బరువు పెట్టడానికి వాడుతున్నాడు.

లైవ్ మొదలైంది. ఆరాధన ఫోను వైపు చెయ్యి ఊపి, గొంతు మార్చి, ఈ చిన్న ఊరు, ఈ చిన్న ఇల్లు, ఈ పెద్దాయన అని నాలుగు మాటలు చెప్పి, "అంకుల్, అసలు ఆ తలకట్టు రహస్యం ఏంటి?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే లాల్‌సాహెబ్ ముప్పైఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"రహస్యమంతా రంగులో ఉందమ్మా. మంచి ఎనామిల్ ఆరేటప్పుడు ఊపిరి పీలుస్తుంది. పొద్దున నేను రాసేటప్పుడు తలకట్టు ఇలా పడుకుని ఉంటుంది. నేను నమాజుకి వెళ్ళొచ్చి, అన్నం తిని, ఒక కునుకు తీసి లేచేసరికి అది కూడా లేచి కూర్చుంటుంది. రంగు ఎంత పట్టాలో, ఎక్కడ వదిలెయ్యాలో తెలియాలి. అది చేతికి తెలుస్తుంది. నేర్పితే వచ్చేది కాదు."

"వావ్," అంది ఆరాధన. వంటింట్లో గరిట చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

చూసేవాళ్ళలో ఎవరో తమ నాయనమ్మ పేరు రాయమన్నారు. హన్నమ్మ. లాల్‌సాహెబ్ మొహం వెలిగిపోయింది. మూడక్షరాలు, మూడింటికీ తలకట్లు. ఇంతకంటే మంచి పేరు దొరకదు. ఉడుత వెంట్రుకల కుంచెని నల్లరంగులో ముంచి, డబ్బా అంచుకి రెండుసార్లు ఒత్తి, పలక మీద పెట్టాడు. హ తిరిగింది. న కిందకి ఇంకో న చేరింది. మ దాని వత్తుతో సహా కూర్చుంది. చెయ్యి ఎక్కడా ఆగలేదు, వణకలేదు. కంప్యూటరు అన్నవాడు ఎవడో గాని ఈ ఒంపులు చూశాక నోరు మూసుకోవాల్సిందే. చివర మూడు తలకట్లూ పెట్టి, కుంచె పక్కన పెట్టి, ఫోను వైపు చూసి నవ్వాడు.

షహనా తెర మీద వస్తున్న మాటలు చదువుతోంది. "సూపర్ అంకుల్... చేతులెత్తి మొక్కాలి... చాలా బాగుంది..." అక్కడ ఆగింది.

"చదువమ్మా, ఆగావేం?"

"'మరి తలకట్టు అలా ఉందేంటి' అంటున్నారు బాబా."

"ఎలా ఉంది?"

ఎలా ఉందో తెర చెబుతూనే ఉంది. 'ఇది ఆ తలకట్టు కాదు.' 'తలకట్టు కాదు, తలగడలా ఉంది.' 'నేను ముందే చెప్పాను, అవి ప్రింటు, ఇది అసలు రాత.'

"ఆరనీండయ్యా!" అన్నాడు లాల్‌సాహెబ్ ఫోనుతో. "ఇప్పుడేగా పెట్టింది! లేవడానికి టైము పడుతుందని చెప్పానా లేదా?"

ఆరాధన చిరునవ్వు చెరగకుండానే షహనా వైపు తిరిగి, పెదాలు కదలకుండా, "ఎంతసేపు పడుతుంది?" అని అడిగింది.

అంతలో గేటు ధడాలున తెరుచుకుంది. జ్ఞానమణి టీచరు లోపలికి వచ్చింది. ముప్పైఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. షహనాకీ ఆవిడే చెప్పింది. కొత్తగా కట్టుకున్న ఇంటికి పోయినవారమే ఇక్కడ పేరు రాయించుకుంది. ఇప్పుడు ఆ బోర్డుని చంకలో పెట్టుకుని వచ్చింది.

"లాల్‌సాహెబూ! ఏమయ్యా ఇది?"

"టీచరుగారూ, లైవ్ నడుస్తోందండీ," అంది షహనా కంగారుగా.

"నడవనీ. అందరూ చూడనీ." ఆవిడ బోర్డుని ఫోను ముందుకు తోసింది. "నా పేరు జ్ఞానమణి. తలకట్లు ఎన్ని ఉండాలి? న కి ఒకటి, మ కి ఒకటి. రెండు. ఇక్కడ ఎన్నున్నాయి? మూడు! ఆ మూడోది ఎక్కడుందో చూడు. జ నెత్తిన! జకారానికి తలకట్టు ఏంటయ్యా? ఒకటో తరగతి పిల్లాడు కూడా చెయ్యని తప్పు ఇది. నిన్న పాస్టరమ్మగారు భోజనానికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. 'టీచరుగారూ, మీ జ టోపీ పెట్టుకుందేంటి' అన్నారు. తల తీసేసినట్టయింది నాకు!"

ఆరాధన లైవ్ ఆపడానికి చెయ్యి చాపింది. కాని తెర మీద అంకె చూసి ఆ చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడొందల మంది చూస్తున్నది కాస్తా మూడువేలయింది.

"ఇది నేను రాసింది కాదండీ," అన్నాడు లాల్‌సాహెబ్.

"మరి నేను రాసుకున్నానా?"

"రాత నాదే. ఆ తలకట్టు నాది కాదు. ముప్పైఆరేళ్ళలో జ మీద తలకట్టు పెట్టిన పాపాన పోలేదు. ల మీద పెట్టలేదు, బ మీద పెట్టలేదు. కావాలంటే ఒట్టు వేస్తాను."

"నువ్వు పెట్టక, నీ కూతురు పెట్టక, ఎనామిల్ ఆరుతూ ఆరుతూ దానంతటదే పెట్టిందా?" ఆవిడ షహనా వైపు తిరిగింది. "నువ్వైనా చూసుకోవద్దుటే ప్యాక్ చేసేటప్పుడు? నీకు పదికి పది వేశాను చూడు, నాకు బుద్ధి లేదు."

లాల్‌సాహెబ్‌కి చెమటలు పట్టాయి. తెల్లచొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆ మూడో తలకట్టు ఆయన చూస్తున్నాడు. మిగతా రెండూ ఎలా ఉన్నాయో అదీ అలాగే ఉంది. అదే లేవడం, అదే సన్నటి కొస. ఆ రెండూ తనవైతే ఇదీ తనదే కావాలి. ఇది తనది కాకపోతే...

వంటింట్లో గరిట చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అమీనాబీ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"అది నేను పెట్టానులెండి టీచరుగారూ," అంది.

టీచరు నోరు తెరిచేలోగా ఆమే చెప్పుకొచ్చింది.

"పక్కన రెండక్షరాలూ నెత్తి మీద కొంగేసుకుని చక్కగా ఉన్నాయి. అదొక్కటీ బోడినెత్తితో నిలబడి ఉంది. పాపం అనిపించి వేశాను. దానికి వెయ్యకూడదని నాకేం తెలుసు? నాకు తెలుగు చదవడం రాదు కదండీ."

"మిగతావి?" అంది షహనా. "అమ్మీ, మిగతా బోర్డుల మీద తలకట్లు?"

"మీ బాబా నమాజుకెళ్ళి పడుకునేదాకా రంగు పచ్చిగానే ఉంటుంది కదా. కాస్త టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, చిన్న కుంచెతో మళ్ళీ పెడతాను. అంతే." అని అమీనాబీ మొగుడి మొహం చూసి, "కొద్దిగానే," అని కలిపింది.

అందరికంటే ముందు తేరుకున్నది ఆరాధన. "ఆంటీ, మీరొక్కసారి ఇక్కడ కూర్చుంటారా?"

"అన్నం దమ్ము మీద ఉందమ్మా."

"ఒక్క నిమిషం ఆంటీ. మీ మొహం చూపించను. చెయ్యి చాలు."

అమీనాబీ పీట మీద కూర్చుంది. హన్నమ్మ బోర్డుని ఒళ్ళోకి లాక్కుని, మూడు తలకట్లూ గుడ్డతో తుడిచేసింది. మొగుడు వాడే కుంచె వైపు చూడకుండా డబ్బా అడుగు నుంచి చిన్నదొకటి తీసింది. అది అక్కడుందని లాల్‌సాహెబ్‌కే తెలియదు. ఉల్లిపాయల తడి ఇంకా ఆరని వేళ్ళతో, అక్షరం మీద వాలుగా ఒక్క గీత గీసి, కొస దగ్గర చిన్నగా ఎత్తి వదిలేసింది. ఒకటి. రెండు. మూడు.

ఫోను తెర మీద మాటలు చదవడానికి వీల్లేనంత వేగంగా పరిగెత్తాయి. 'ఇదే! ఇదే ఆ తలకట్టు!' 'అమ్మా, నీ చేతికి దండం.'

"ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ?"

"నేర్చుకునేదేముంది? చిన్నప్పుడు మౌల్వీగారు పలక మీద జబర్ గీత దిద్దించేవారు. ఖురాన్ చదవాలంటే ముందు అది రావాలి. అక్షరం మీద వాలుగా, ఇలాగే ఉంటుంది. వంకర పోతే బెత్తంతో కొట్టేవారు." అమీనాబీ నవ్వింది. "మీ తలకట్టు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. పడుకోబెడితే ఊరుకోబుద్ధి కాదు."

షహనా ఉద్వేగంలో ఉంది. కనపడినదల్లా పైకి చదివేస్తోంది. "అమ్మకి జై... అమ్మే అసలు ఆర్టిస్టు... అంకుల్ ఇన్నాళ్ళూ ఆంటీ పేరు కొట్టేశాడన్నమాట..."

చదివాక నాలుక్కరుచుకుంది గాని, మాట అప్పటికే లాల్‌సాహెబ్ చెవిన పడింది. ఆయన ఎవరి వైపూ చూడకుండా పీట చుట్టూ నడిచి, కాగితాల మీద బరువుగా ఉన్న కళ్ళజోడు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పెరట్లో అమ్ముడుపోకుండా మిగిలిన బోర్డులు కొన్ని గోడకి ఆనించి ఉన్నాయి. లాల్‌సాహెబ్ కళ్ళజోడు పెట్టుకుని, గొంతుక్కూర్చుని, ఒక్కొక్కటీ చూశాడు. రెండేళ్ళ తర్వాత తన రాత తనకి స్పష్టంగా కనిపించింది. ఒంపులు బాగానే ఉన్నాయి. ఆ విషయంలో అల్లా దయ. కాని అక్షరానికి ప్రాణం పోసింది పైనున్న ఆ చిన్న గీత. ఎవరూ చెప్పక్కర్లేదు, కుంచె పట్టినవాడికి తెలుస్తుంది.

అమీనాబీ వచ్చి పక్కన నిలబడింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడాయన బోర్డు మీంచి కళ్ళు తియ్యకుండా.

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"ఎప్పట్నుంచి?"

"వినగడప చర్చి వాళ్ళు తలుపు మీదికి బోర్డు చేయించుకున్నారే, అప్పట్నుంచి."

లాల్‌సాహెబ్ చటుక్కున తలెత్తాడు. అది పదకొండేళ్ళ నాటి మాట. "ఆ ఫాదర్‌గారు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారే!"

"పట్టుకోనివ్వండి. పట్టుకున్నది మీ చెయ్యే కదా."

ఆ మెప్పు గురించి ఆయన బస్టాండు సెంటర్లో టీ తాగిన ప్రతిసారీ చెప్పాడు. టీ పోసేవాడు దాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పగలడు.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మీరు రాయడం మానేసేవారు. లేకపోతే నన్ను మాన్పించేవారు. రెండూ నాకిష్టం లేదు. మధ్యాహ్నం మీరు పడుకున్నాక ఆ అరగంట నాది. పొయ్యి లేదు, పిలిచేవాళ్ళు లేరు. నాకు హాయిగా ఉండేది."

లాల్‌సాహెబ్ కళ్ళజోడు తీసి లుంగీ కోసం తడుముకుని, ఇవాళ ప్యాంటు వేసుకున్నానని గుర్తొచ్చి, చొక్కా కొసతో తుడిచాడు.

"నిజం చెప్పు. నా తలకట్టు అంత బాగోదా?"

"బాగుంటుంది," అంది అమీనాబీ ఆలోచించి. "బస్సులో పోతూ చూస్తే."

ఆయనకి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు కోపం తెచ్చుకుందామని చూశాడు, అదీ కుదరలేదు. కాసేపు ఇద్దరూ నవ్వారు. తర్వాత ఆయన ఖాళీ పలక ఒకటి తీసుకుని లేచాడు.

వాకిట్లో లైవ్ అయిపోయింది. ఆరాధన ఫోనులో ఎవరితోనో గలగలా మాట్లాడుతోంది. జ్ఞానమణి టీచరు పీట మీద కూర్చుని షహనా ఇచ్చిన షర్బత్ తాగుతోంది. కోపం తగ్గలేదుగాని ఎండ ఎక్కువగా ఉంది. లాల్‌సాహెబ్ పలక నేల మీద పెట్టి, కూతురి పేరు రాశాడు. షహనా. నెత్తులు మాత్రం ఖాళీగా వదిలేశాడు.

"చూడవే," అన్నాడు భార్యతో. "మన ముగ్గురిలో తలకట్లున్నది దీని పేరులోనే. ష కి ఒకటి, హ కి ఒకటి. నా పేరులో లేవు. నీ పేరులోనూ లేవు."

"నా పేరులో లేవా?" అమీనాబీ నిజంగానే నొచ్చుకుంది. "ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు. ఇదిగో, ష కి నేను పెడతాను. హ కి నువ్వు పెట్టు."

ఆయన పెట్టాడు. ఆవిడ పెట్టింది. జ్ఞానమణి టీచరు మెడ చాచి చూసి, "ఎవరిది ఏదో అడగక్కర్లేదు," అని మళ్ళీ షర్బత్ గ్లాసు ఎత్తింది. షహనా మాత్రం ఆ పలక ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. తనని ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తలెత్తి, ముక్కు చీది, "బాగుంది," అంది.

ఆరాధన ఫోను పెట్టేసి చప్పట్లు కొట్టుకుంటూ వచ్చింది.

"అంకుల్, ఆంటీ, నలభైవేల మంది చూశారు! ఇప్పుడే మా డిజైనర్‌తో మాట్లాడాను. వంద కాదు, రెండొందల బోర్డులు. విజయవాడలో ఓపెనింగు పది రోజుల్లో ఉంది. దుకాణంలో ఎదురుగోడ మొత్తం మీదే. పైన పెద్ద ఫోటో, ఆంటీ చెయ్యి. దాని కింద ఒక్క లైను. వినండి." ఆమె రెండు చేతులూ గాల్లో చాచి ఆ లైనుని గోడ మీద అంటించినట్టు చూపించింది. "'అక్షరం రాని అమ్మ దిద్దిన అక్షరం.' ఎలా ఉంది?"

షహనా మొహంలో ముందు సంతోషం కనిపించింది. తర్వాత అది ఎటు పోవాలో తెలియక ఆగింది. "లైను బాగుంది మేడమ్... కాని..."

"కాని ఏంటి? ఇది మామూలు కథ కాదు షహనా. బోర్డులు అందరూ అమ్ముతారు. కథ అమ్మేవాళ్ళే నిలబడతారు. ఒప్పందం కాగితం సిద్ధంగానే తెచ్చాను, పేరు దగ్గర చిన్న మార్పు చేస్తే చాలు. అంకుల్ పేరు తీసి ఆంటీ పేరు."

జ్ఞానమణి టీచరు గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "అక్షరం రాకపోవడం గొప్పా అమ్మాయ్? దాన్ని గోడకెక్కిస్తావా? ముప్పైఏళ్ళు నేను బడిలో కూర్చుని చేసిందంతా ఏంటి మరి? నాకు అప్పజెప్పండి ఈవిడని. పది రోజులు! పది రోజుల్లో గడగడా చదివిస్తాను. నా దగ్గర చదువు రానివాడంటూ లేడు!"

"వద్దు మేడమ్, దయచేసి వద్దు," ఆరాధన నిజంగానే భయపడింది. "నేర్పిస్తే కథ పోతుంది. ఆ చెయ్యి కూడా మారిపోతుందేమో. ఇప్పుడున్న రాత ఇలాగే ఉండాలని కాగితంలో కూడా ముందే రాశాను."

లాల్‌సాహెబ్ ఇంతసేపూ వింటూ ఉన్నాడు. తన పేరు తీసేస్తామన్నప్పుడు ముల్లు గుచ్చుకున్నట్టయింది. అబద్ధమెందుకు, గట్టిగానే గుచ్చుకుంది. కాని దాని వెనకే వచ్చిన మాట ముందు అది చిన్నదైపోయింది.

"అమ్మా, నా పేరు తీసెయ్. ఫర్వాలేదు. ఆవిడ పేరు పెట్టు, ఇంకా మంచిది. కాని ఆ లైను పెట్టొద్దు. నా భార్యకి చదువు రాకపోతే అది మా ఇంట్లో సంగతి. అది నా తప్పు కూడా. ఊరందరికీ అక్షరాలు రాశాను, ఇంట్లో ఒక్కటి చూపించలేదు. దాన్ని ఫోటో తీసి గోడకి కట్టొద్దు."

"లైను లేకపోతే రెండొందలు రావు అంకుల్," అంది ఆరాధన. మర్యాదగానే అంది. "వంద కూడా చెప్పలేను," అని కాగితం, పెన్నూ షహనా చేతిలో పెట్టింది.

షహనా తండ్రి వైపు చూసింది, కాగితం వైపు చూసింది. ఏడాదిగా స్కూలు నుంచి వచ్చి నిద్ర ఆపుకుని చేసిన పనంతా ఆ కాగితంలో ఉంది. పెన్ను ఆమె చేతిలోనే ఉంది.

అమీనాబీ లేచి వచ్చి, కూతురి చేతిలోంచి కాగితం తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. కింద చివరి వరుస దాకా వేలితో నిమిరింది.

"సంతకం నా పేరు మీద పెట్టాలన్నమాట?"

"అవునాంటీ. ఇక్కడ."

"సరే, పెడతాను. కాని చదవకుండా ఎలా పెడతాను?"

"నేను చదివి వినిపిస్తాను అమ్మీ."

"నువ్వు వినిపిస్తే అది నీ చదువు. నేను చదివాక పెడతాను."

"మీకు చదవడం రాదు కదా ఆంటీ!" అంది ఆరాధన.

"రాదు. అందుకే టైము కావాలంటున్నాను." అమీనాబీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుని, జ్ఞానమణి టీచరు వైపు తిరిగింది. "పది రోజులు చాలన్నారు కదా టీచరుగారూ? పదో రోజున ఇందులో ఉన్న ప్రతి ముక్కా నేనే చదివి, ఉంచేది ఉంచి, కొట్టేసేది కొట్టేసి, అప్పుడు పెడతాను సంతకం. ఎప్పుడు మొదలుపెడదాం?"

అందరూ టీచరు వైపు చూశారు. ఒక్క నిమిషం క్రితం దాకా ఉరిమిన జ్ఞానమణి టీచరు, యాభైమూడేళ్ళ తన కొత్త విద్యార్థిని వైపు ఒకసారి, అమీనాబీ జాకెట్లోంచి తొంగిచూస్తున్న, సన్నటి అక్షరాలు కిక్కిరిసిన ఆ కాగితం వైపు ఒకసారి చూసి, మొదటిసారిగా నీళ్ళు నమిలింది.